బుట్టెడు జామపండ్లు, రెండు యాపిళ్లు

తెల్లవారగానే ఆ తల్లి పెరట్లో జామచెట్టు కింద నిలబడేది. అందిన కొమ్మలు వంచి, అందనివి గెడతో రాల్చి బుట్ట నింపేది. కిటికీ అవతల మంచం మీద నుంచి కూతురు ఆ బుట్ట వంకే చూస్తూ ఉండేది. జామపండ్ల వాసన గదంతా నిండి, పిల్ల నోట్లో నీళ్లూరేవి.

"అమ్మా, ఒక్కటి ఇవ్వవూ? పోనీ, సగం."

"వద్దు బంగారం. గింజలు అరగవు, జలుబు చేస్తుంది. సాయంత్రం యాపిల్ తెస్తాగా."

"యాపిల్ నాకొద్దు."

"అలా అనకూడదు. అందరికీ దొరికే పండా అది?"

తల్లి అలా గదమాయించి బుట్ట నెత్తికెత్తుకునేది. పిల్ల గోడవైపు తిరిగి పడుకునేది.

ఆమె పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. గేటు పక్కనే ఒక తాత పండ్లబండి. బుట్టెడు జామపండ్లు ఆయన బండి మీద గుమ్మరిస్తే, రెండు యాపిళ్లు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. అదీ వాళ్లిద్దరి మధ్య ఒప్పందం.

"నీ జామపండ్లు పొద్దెక్కకుండానే ఖాళీ అయిపోతాయమ్మాయ్. నా యాపిళ్లు మాత్రం అలిగిన పెళ్లికొడుకుల్లా కూర్చునుంటాయి, బతిమాలితే గానీ కదలవు" అని నవ్వేవాడు తాత.

"పెళ్లికొడుకంటే ఆ మాత్రం బెట్టు ఉండాలిలే తాతా" అనేది ఆమె, ఆ రెండు పండ్లనూ కొంగులో మూటగట్టుకుంటూ.

ఆమెకు యాపిల్ మీద అంత గురి ఎందుకు కుదిరిందో చెప్పాలి. మాసిన దుప్పట్ల కోసం ఆమె రోజూ పై అంతస్తు గదుల్లోకి వెళ్తుంది. ఆ గదుల్లో ప్రతి మంచం పక్కన బల్ల మీద యాపిళ్లు, ఎర్రగా, తుడిచిన అద్దాల్లా. కింద పెద్ద వార్డులో బల్లలే లేవు, ఇక పండ్ల మాటెక్కడ? పై గదుల్లో పడుకున్నవాళ్లు నాలుగు రోజులకల్లా నడుచుకుంటూ ఇళ్లకు పోతున్నారు. కింది వార్డువాళ్లు అలాగే పడి ఉంటున్నారు. ఆమె దుప్పట్లు మోస్తూ మోస్తూ తనకు తోచిన లెక్క తాను వేసుకుంది. జబ్బును తరిమేది ఆ పండే అనుకుంది. నర్సుల పలకరింపు, వేళకు పడే మందు, గాలి వచ్చే గది ఆ లెక్కలోకి రాలేదు. ఏం చేస్తుంది? కంటికి కనిపించేది పండొక్కటే.

అందుకే కూతురికి జ్వరం వచ్చి తగ్గాక, కూర, పులుపు, పెరటి పండు అన్నీ మాన్పించి గట్టి పథ్యం పెట్టింది. పొద్దున జావ, మధ్యాహ్నం పాలల్లో రొట్టె, సాయంత్రం యాపిల్. తండ్రి లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియని మనిషి, ఇదేమిటని అడిగేవాళ్లు ఇంట్లో లేరు. నెలలు గడిచినా పిల్ల కోలుకోలేదు. కాళ్లు నొప్పులంటుంది, నాలుగు అడుగులు వేసి కూలబడుతుంది. దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలి మచ్చలు. బడికి వెళ్లే పిల్లల అరుపులు వీధిలో వినిపిస్తే కిటికీ ఊచలు పట్టుకుని, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసేది. పిల్ల మళ్లీ వాళ్లతో పరుగెత్తితే చాలు, తనకింకేమీ వద్దనుకునేది తల్లి. రెండు పండ్లు చాలడం లేదేమో, మూడో పండు ఎలా తేవాలా అని మథనపడేది.

ఒక ఉదయం పిల్ల తలగడ మీద నెత్తురు మరక కనబడింది. చిగుళ్ల నుంచి కారిన నెత్తురు. ఊళ్లోవాళ్ల మరకలన్నీ చేతులతో ఉతికే ఆ మనిషి ఆ చిన్న మరకను ముట్టుకోలేకపోయింది. బుట్ట ఎక్కడిదక్కడే వదిలేసి, పిల్లను భుజాన వేసుకుని తాను పనిచేసే ఆసుపత్రిలోని పిల్లల డాక్టరమ్మ గదికి పరుగెత్తింది.

డాక్టరమ్మ పిల్ల చిగుళ్లు చూసింది, మచ్చలు నొక్కి చూసింది. నెత్తురు పరీక్షకు పంపించి అడిగింది. "ఏం పెడుతున్నావమ్మా పిల్లకి?"

"లోటేమీ చేయలేదమ్మగారూ. రోజూ యాపిలే పెడుతున్నా, పై గదుల్లో బల్లల మీద ఉండే పండే."

"యాపిల్ మంచిదే. ఇంకా?"

"జావ, పాలు, రొట్టె. అంతే."

"కూరలు? నిమ్మ, నారింజ, జామ?"

"అయ్యో, పులుపూ గింజలూనా! ఒంట్లో బాగాలేని పిల్లకి ఎలా పెడతానమ్మా?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చూడమ్మా, దీనికి పెద్ద రోగమేదో ఉందని నాకనిపించడం లేదు. సి విటమిన్ అడుగంటినట్టుంది. చిగుళ్లు గట్టిపడాలన్నా, దెబ్బ మానాలన్నా, తిన్నది ఒంటికి పట్టాలన్నా అది కావాలి. యాపిల్‌లో అది చాలా కొంచెం. జామపండులో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పీచు కూడా యాపిల్ కంటే రెట్టింపు. నేను మాత్రలు రాస్తాను, కానీ పండు కూడా పెట్టాలి. మా పిల్లలకు నేను రోజూ జామపండ్లే తీసుకెళ్తాను. మన గేటు దగ్గర తాత బండి లేదూ? అక్కడే. అంత తియ్యటి పండ్లు ఇంకెక్కడా దొరకవు, నువ్వూ అక్కడే తీసుకో."

ఆ తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుని, "అవి మా చెట్టువే అమ్మగారూ" అంది. "ఇది రోజూ అడిగేది. సగమైనా ఇమ్మని అడిగేది. నేనే ఇవ్వలేదు." అంతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఏడవకు. పిల్ల కోలుకుంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? నువ్వొక్కదానివే కాదమ్మా, అందరం అంతే. అందని దానికి ఉన్న గొప్ప అందినదానికి ఉండదు. నీ ప్రేమలో లోపం లేదు. పండు విలువ దాని ఎరుపులోనో, అది ఉన్న బల్ల మీదో ఉందనుకున్నావు, అంతే."

మర్నాడు తల్లి మళ్లీ చెట్టు కింద నిలబడింది. బాగా మగ్గిన పండు కోసి, చిగుళ్లు నొప్పి పుట్టకుండా గుజ్జు మెదిపి, పిల్ల మంచం దగ్గరికి తెచ్చింది. పిల్ల గిన్నె వంక, తల్లి ముఖం వంక అనుమానంగా చూసింది.

"మరి బండి తాతకో?"

"ఎదురుచూడనీలే. ఇవాళ మనింట్లోనే గిరాకీ ఎక్కువ."

పిల్ల మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఇన్ని నెలల ఆశ ఆ ముఖంలో కరుగుతుంటే తల్లి తట్టుకోలేక తల తిప్పుకుంది. గిన్నె ఖాళీ అయ్యాక పిల్ల, "రేపు కూడానా?" అని మెల్లగా అడిగింది.

"రోజూ తల్లీ."

బిడ్డకు ఏదో తెచ్చిపెట్టాలని తపించే తల్లులారా, తండ్రులారా! మన ఇంట్లో లేనిదాని కోసం పరుగెత్తే ముందు, మన చేతులతో మనమే ఇంట్లో నుంచి బయటికి పంపేస్తున్నదేమిటో ఒక్కసారి చూసుకుందాం.