అంకమ్మరావు గారు దాచిన స్టెప్నీ

నేను ఒక కారు టైరును. అలాగని ఊళ్ళన్నీ తిరిగొచ్చి కబుర్లు చెబుతున్నాననుకోకండి. పుట్టిన పదిహేనేళ్ళ దాకా నేను రోడ్డు మొహమే చూడలేదు. నన్ను స్టెప్నీ అంటారు. నాతోపాటు అదే కారుకు ఎక్కిన నలుగురు తోబుట్టువులు నేలమీద పరుగులు తీస్తుంటే, నేను డిక్కీలో చాప కింద వెల్లకిలా పడుకుని ఉండేదాన్ని.

రబ్బరూ మసీ గంధకమూ కలిపి, లోపల ఉక్కు తీగల పట్టీ పెట్టి, వేడి అచ్చులో నొక్కితే నేను పుట్టాను. పుట్టగానే నా పక్కగోడ మీద నాలుగంకెలు వేశారు: 2309. అంటే రెండు వేల తొమ్మిదో సంవత్సరంలో ఇరవైమూడో వారం. మనుషులు పెళ్ళి సంబంధాలప్పుడు పుట్టిన తేదీని కాస్త ఇటూ అటూ జరుపుకుంటారు. మాకు ఆ వీల్లేదు, ఒంటిమీదే అచ్చు వేసి పంపిస్తారు. చిత్రమేమిటంటే, కారు కొనేటప్పుడు రంగు గురించి నెలరోజులు వాదించుకునే మనుషులు ఈ నాలుగంకెలవైపు ఒక్కసారైనా చూడరు.

నన్ను కొన్నాయన అంకమ్మరావు గారు. కనిగిరిలో కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. వస్తువులంటే ఆయనకు ప్రాణం. అయితే వాడటం కంటే దాచడం ఎక్కువ ఇష్టం. కారు సీట్ల మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ తొడుగులు పీలికలై ఊడేదాకా తియ్యలేదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంగడివాడి స్టిక్కరు పదేళ్ళున్నా ఎవరూ గోకకూడదు. పెళ్ళికి మామగారు పెట్టిన వాచీ ఇప్పటికీ డబ్బాలోనే ఉందట. ఇలా దాచిన వస్తువులన్నిటిలో పెద్దపీట నాది.

ఒకసారి పొదిలి దాటాక వెనక టైరు పంక్చరైంది. ఎండ మండిపోతోంది. "స్టెప్నీ ఉంది కదండీ, ఎక్కించండి" అంది ఆయన భార్య.

"అది కొత్తదే. ఈ గులకల మీద ఏస్తే ఏమైద్ది?" అన్నారు అంకమ్మరావు గారు.

పంక్చరైన చక్రాన్ని విప్పి, ఆటోలో వేసుకుని, పొదిలి వెళ్ళి అతుకు వేయించుకొచ్చారు. ఆ రెండు గంటలూ ఆవిడ తుమ్మచెట్టు నీడలో కూర్చుని కొంగుతో విసురుకుంటూనే ఉంది. ఆ రెండు గంటలూ నేను డిక్కీలో ఉన్నాను, కొత్తగా.

అయిదారేళ్ళకు నా తోబుట్టువులు అరిగిపోయాయి. టైరు మీద చెక్కినట్టుండే గాళ్ళ అడుగున చిన్న చిన్న దిమ్మలుంటాయి. పైభాగం అరిగి ఆ దిమ్మలకు సమానంగా వచ్చిందంటే ఇక మార్చాల్సిందే. ఆ మాట ఆయనకు బాగా తెలుసు, నాలుగూ మార్పించారు. నాకు అరుగుదల లేదు. కాబట్టి నాకు వయసూ లేదని ఆయన తీర్మానించేశారు.

నిజం వేరు. రబ్బరు ఊరికే పడుకున్నా ముదురుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఎంత వేడో మీరు ఊహించలేరు. నాలోని మెత్తదనం ఏడాదికి కొంత చొప్పున ఆరిపోయింది. ఏడెనిమిదేళ్ళకే గాళ్ళ అడుగున వెంట్రుకంత పగుళ్ళు మొదలయ్యాయి. పైనుంచి చూస్తే మాత్రం నిగనిగలాడుతున్నాను. అచ్చులోంచి వచ్చినప్పుడు ఒంటిమీద మొలిచిన రబ్బరు నూగు కూడా ఊడలేదు.

పన్నెండేళ్ళకు ఆయన కారు అమ్మేసి స్కూటరుకు మారారు, నన్ను మాత్రం అమ్మలేదు. ఎక్కడో సంపాదించిన అరిగిన చక్రాన్ని డిక్కీలో పెట్టి, నన్ను రిమ్ముతో సహా దించి, గోనెపట్టా చుట్టి రేకుల గదిలో అటక ఎక్కించారు. అమావాస్య అమావాస్యకూ దించి కొబ్బరినూనె రాసేవారు. దేవుడి పటాలు తుడిచినంత శ్రద్ధగా తుడిచేవారు. పాపం, రబ్బరుకు నూనె పడదని ఆయనకెవరూ చెప్పలేదు. నాకింత సేవ చేసిన మనిషి ఇంకొకరు లేరు, నన్నింత పాడుచేసిన మనిషీ ఇంకొకరు లేరు.

ఆయన కూతురు సునంద ఒంగోల్లో ఉంటుంది. పొదిలి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు లెక్కల టీచరు. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుని పాత కారు ఒకటి కొనుక్కుంది. అదీ మా పాత కారు రకమే. రోజూ తనతోపాటు ఇంకో ముగ్గురు టీచర్లను ఎక్కించుకుని బడికి వెళ్ళొస్తుంది. నిరుడు జూన్‌లో బడులు తెరిచిన వారానికే, చీమకుర్తి దగ్గర లారీలోంచి జారిన గ్రానైటు ముక్క ఆమె ముందు టైరును చీరేసింది. తన స్టెప్నీ వేసుకుని ఇంటికి చేరి, కొత్త టైరు కొనాలని తండ్రికి ఫోన్లో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే అంకమ్మరావు గారు స్కూటరును కనిగిరి బస్టాండులో పెట్టి, నన్ను బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒంగోలు దిగారు.

"కొత్తది కొంటావా? ఇదేంది మరి? చూడు, నూగు కూడా పోలా. నీకోసమే దాచినట్టయింది తల్లీ" అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. వాకిట్లోనే జాకీ ఎత్తి, తానే బోల్టులు బిగించి, ముందు ఎడమవైపున్న ఆమె స్టెప్నీని డిక్కీలోకి మార్చి, ఆ చోట నన్ను ఎక్కించారు. నాలుగు రోజులుండి వెళతానన్నారు.

అలా పదిహేనేళ్ళ వయసులో నేను మొదటిసారి రోడ్డెక్కాను. సంతోషించలేదని అబద్ధం చెప్పను. కానీ పది కిలోమీటర్లు తిరిగేసరికే నాకు విషయం అర్థమైంది. పైన రబ్బరు పట్టీ ఒకచోట లోపలి తీగల్ని వదిలేస్తోంది. వేడెక్కినకొద్దీ అక్కడ చిన్న బొబ్బ లేస్తోంది. కారులో నలుగురు ఆడవాళ్ళు సిలబస్ గురించీ, సాయంత్రం కూర గురించీ మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ బరువులో నాలుగో వంతు నామీద ఉంది.

"స్టీరింగు టకటకా కొట్టుకుంటోందేంటి సునందా?" అంది హిందీ టీచరు మేరీరత్నం.

"కొత్త టైరు కదా, కుదురుకోవాలంట. మా నాన్న చెప్పాడు."

మేరీరత్నం ఊరుకునే మనిషి కాదు. బుధవారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో బలవంతంగా ఖాశిం పీరా టైర్ల అంగడి దగ్గర కారు ఆపించింది. ఖాశిం గాలి చూడటానికి వంగి, గేజీ పక్కన పెట్టేసి, నా పక్కగోడను బొటనవేలితో రుద్దాడు.

"టీచరమ్మా, ఎవరేశారమ్మా దీన్ని?"

"మా నాన్న. ఏం, కొత్తదే కదా?"

"ఇదిగో, ఇరవై మూడు, సున్నా తొమ్మిది. ఇది పుట్టి పదిహేనేళ్ళయింది. ఆరేళ్ళు దాటితే ఏడాదికోసారి చూపించుకోవాల. పదేళ్ళయితే గాళ్ళు ఎంతున్నా సరే, తీసి అవతల పారెయ్యాల. అరుగుదల ఒక లెక్కమ్మా, వయసు ఇంకో లెక్క. ఈ పగుళ్ళు చూడు. ఎండలో డెబ్బై మీద పోతుంటే పేలిద్ది."

లెక్కల టీచరు కదా, ఆ లెక్క ఆమెకు వెంటనే అర్థమైంది. అయినా, "ఆదివారం నాన్న ఊరెళ్తాడు. సోమవారం పొద్దున్నే వచ్చి మార్పించుకుంటా" అంది.

"ఏందమ్మా నువ్వు! ఇప్పుడే తీసేస్తా, పది నిమిషాల పని" అన్నాడు ఖాశిం.

"పదిహేనేళ్ళు దాచి తెచ్చాడు ఖాశిం. రోజూ సాయంత్రం దాన్ని తడిమి చూసుకుంటున్నాడు. తీసేస్తే ఏం చెప్పను?"

మేరీరత్నానికి కోపం వచ్చింది. "మీ నాన్న మనసు నొచ్చుకోకూడదని మా ప్రాణాలు పెట్టమంటావా?"

"మీరు రావద్దు. ఈ మూడ్రోజులూ బస్సులో వెళ్ళండి. నేను మెల్లగా నడుపుకుంటా."

మనుషుల్లో ఈ విడ్డూరాన్ని నేను అక్కడే మొదటిసారి చూశాను. కన్నవాళ్ళ ముందు ఒక చిన్న నిజం చెప్పడం కంటే, ప్రాణం అడ్డం పెట్టడం వాళ్ళకు తేలిక. ఖాశిం గొణుక్కుంటూ గాలి సరిచేసి, "పేలితే మాత్రం బ్రేకు తొక్కమాకమ్మా. స్టీరింగు గట్టిగా పట్టుకో, బండి దానంతటదే నెమ్మదిస్తది" అని చెప్పి పంపాడు.

గురువారం, శుక్రవారం ఆమె ఒక్కతే నలభై దాటకుండా నడిపింది. నేను ఓర్చుకున్నాను. శనివారం పొద్దున అంకమ్మరావు గారు తెల్లచొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఈరోజు నేనూ వస్తా. మీ బడి చూసినట్టుంటది, మన టైరు మీద కూర్చున్నట్టూ ఉంటది" అన్నారు.

వద్దనడానికి ఆమె ఏవో కారణాలు వెతికింది. ఎండ అంది, మోకాళ్ళు అంది. ఆయన అప్పటికే తలుపు తీసి ముందు ఎడమ సీట్లో కూర్చున్నారు. సరిగ్గా నా నెత్తిన.

పొద్దున ఏమీ కాలేదు. సాయంత్రం నాలుగింటికి తిరిగొస్తుంటే తారు పొగలు కక్కుతోంది. మెల్లగా పోతున్న కూతుర్ని ఆయన వేళాకోళం చేశారు. "ఎద్దులబండి కూడా మనల్ని దాటిపోద్ది. నలుగురు నవ్వుతారు. తొక్కమ్మా, కొత్త టైరు!"

ఆమె యాభైకి వచ్చింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అరవై అయింది. నా బొబ్బ అరచేయంత అయింది. పట్టుకుందామనే చూశాను, నమ్మండి. పట్టుకోవడానికి నాలో ఏమీ మిగల్లేదు. చీమకుర్తి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా పైపట్టీ మొత్తం ఒలుచుకుపోయి, ఢామ్మని పేలాను.

కారు ఎడమకు లాగేసింది. సునంద బ్రేకు తొక్కలేదు. పళ్ళు బిగించి, రెండు చేతులా స్టీరింగును పట్టుకుంది. అటువైపు గ్రానైటు వ్యర్థాలు పారబోసిన లోతైన గుంత ఉంది. దాని అంచునే కారు రాసుకుంటూ పోయి, ముళ్ళకంపలో దూరి ఆగింది. గుంతకూ అంకమ్మరావు గారి తలుపుకూ మధ్య మూరెడు నేల ఉంది.

ఇద్దరూ దిగారు. దెబ్బలేమీ తగల్లేదు. ఆయన వచ్చి నా ముందు చతికిలబడి, వేలాడుతున్న నా తోలును చేత్తో పట్టుకున్నారు. లోపలి రబ్బరు ఆయన వేళ్ళ మధ్య ఎండిన రొట్టెలా పొడి పొడి అయింది.

"కొత్తది కదమ్మా..." అన్నారు.

"కాదు నాన్నా. పదిహేనేళ్ళది. బుధవారమే ఖాశిం చెప్పాడు."

ఆయన తలెత్తి చూశారు. "తెలిసి నడిపావా?"

"నువ్వు దాచి తెచ్చావు కదా."

ఎంతటి కోపిష్టి మనిషో నాకు తెలుసు, కేకలేస్తారనుకున్నాను. ఆయన లేచి డిక్కీలోంచి ఆమె స్టెప్నీని దించారు. బోల్టులు బిగించడం ఆయనకు చేతకావడం లేదు. ఒక్కోటి రెండుసార్లు జారిపోతోంది. ఆమె పక్కన కూర్చుని పానా అందుకుంది.

అక్కడినుంచి నేరుగా ఖాశిం అంగడికి వచ్చారు. ఖాశిం జరిగింది విని, దేవుణ్ణి తలుచుకుని, నన్ను రిమ్ము నుంచి ఊడదీశాడు. ఇలాంటివాటిని కొందరు కొనుక్కుపోయి, పైన పట్టీ అతికి, గాళ్ళు చెక్కి, మళ్ళీ ఎవరికో అంటగడతారని చెప్పాడు. అందుకే తాను పక్కగోడ కోసేసి గానీ బయటికి పంపనన్నాడు.

"కత్తి ఇటియ్యి" అన్నారు అంకమ్మరావు గారు.

ఆయనే కోశారు. అరవైయేడేళ్ళ చేతులతో, చెమటలు కారుస్తూ, నా పక్కగోడను బెత్తెడు చీల్చారు. నాకు నొప్పి తెలియదు. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు మాత్రం నామీద పడ్డాయి. కత్తి కింద పెట్టి, కూతురివైపు తిరక్కుండానే మాట్లాడారు.

"నేను తప్పు చేస్తే నా మొహానే చెప్పమ్మా. నేను అరుస్తా. అరవనీ. రెండ్రోజులు అన్నం తిననంటా. మాననీ. నువ్వు మాత్రం చెప్పు."

సునంద ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. ఆమె కూడా ఏడుస్తోంది. ఖాశిం వాళ్ళను చూడలేక లోపలికి వెళ్ళి కొత్త టైరు దొర్లించుకొచ్చాడు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, "అయితే ఒకటి చెబుతా నాన్నా" అంది.

"చెప్పు."

"నీ కళ్ళజోడు మార్చి తొమ్మిదేళ్ళయింది. నీకు సరిగా కనపడటం లేదు. ఇక నువ్వు స్కూటరు నడపొద్దు."

అంకమ్మరావు గారి ముఖం ఎర్రబడింది. అరవబోయి నోరు తెరిచారు. నావైపు చూశారు. ఆ తర్వాత జేబులోంచి స్కూటరు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.