రానివాళ్ళకే పదవి

కాలరమ్మకు పన్నునొప్పి వచ్చిన రోజే పదవి కూడా వచ్చింది.

ఆమె అసలు పేరు ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరికీ అక్కర్లేదు. అక్కడ కుట్టే ముక్కను బట్టి పిలుపు. కాలర్లు కుట్టేది కాబట్టి ఆమె కాలరమ్మ. జేబులు కుట్టేవాడు జేబులబాబు, గుండీలు వేసే ఆవిడ గుండీలక్క. రెండో అంతస్తులో ఆ హాలునిండా ఇరవైల్లో ఉన్నవాళ్ళే, ఒక్క గుండీలక్క తప్ప. రాజకీయం అంటే అందరిదీ ఒకటే మాట: మనకెందుకు? ఫోన్లలో నాయకుల మీద జోకులు పంపుకుంటారు, పోలింగ్ రోజున సెలవు దొరికిందని పొద్దెక్కేదాకా పడుకుంటారు. అన్యాయం చూస్తే వాళ్ళకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ మంట టీ తాగేలోపు చల్లారిపోతుంది. ఆ చుట్టుపక్కల ఆ వయసువాళ్ళంతా అలాగే ఉన్నారు, వీళ్ళనొక్కళ్ళనే అని ఏం లాభం?

కార్మికుల తరఫున ఒక ప్రతినిధి ఉండాలన్నది చొక్కాలు కొనే కంపెనీ పెట్టిన షరతు. ఏటా భోజనాల గదిలో ఎన్నిక జరుగుతుంది, నిలబడేవాళ్ళు మాత్రం ఉండరు. అందుకని జేబులబాబు ఒక పద్ధతి కనిపెట్టాడు. ఆ పూట ఎవరు రాకపోతే వాళ్ళే ప్రతినిధి. వద్దనడానికి ఎదురుగా మనిషి ఉండడు కదా! నిరుడు ఆ గౌరవం కడుపునొప్పితో ఇంట్లో పడుకున్న ఇస్త్రీ అతనికి దక్కింది. ఏడాది పొడుగునా అతను చేసిన ఘనకార్యం మంచినీళ్ళ డ్రమ్ముకు మూత తెప్పించడం.

ఈసారి కాలరమ్మ వంతు. మర్నాడు వాచిన దవడతో పనిలోకి వస్తే హాలంతా చప్పట్లు. ఆమెకూ నవ్వొచ్చింది గానీ నొప్పితో నవ్వలేకపోయింది.

ఇంట్లో అమ్మ మాత్రం నవ్వలేదు. అమ్మ ఒకప్పుడు నూలుమిల్లులో పనిచేసింది. సమ్మెలో ముందు వరసలో నడిచి ఉద్యోగం పోగొట్టుకుంది. తర్వాత నాలుగిళ్ళలో అంట్లు తోముతూ కూతుర్ని పెంచింది.

"ప్రతినిధి కోసం మేం రాత్రంతా పోట్లాడుకునేవాళ్ళం. మీరు రానిదాని నెత్తిన పెట్టారటే?" అంది.

అంత పోట్లాడి నువ్వు బావుకున్నదేమిటన్న మాట కాలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆమె పట్టుదల అదే, అమ్మలా కాకూడదని. నోరు మూసుకుని పని చేసుకోవాలి, లైను సూపర్‌వైజర్ కావాలి, అమ్మచేత అంట్లపని మాన్పించాలి.

సోమవారం మేనేజర్ పిలిచి కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెను కూర్చోమన్న నాథుడు అంతవరకు లేడు. చొక్కాలు దొంగతనంగా బయటికి పోతున్నాయట. అందుకని ఇకమీదట పనివేళల్లో వెనక తలుపుకు తాళం వేస్తారట. కొనే కంపెనీవాళ్ళు శుక్రవారం వచ్చినప్పుడు, ఇది కార్మికులకు సమ్మతమేనా అని ప్రతినిధిని అడుగుతారట.

"సమ్మతమేనని ఒక్క మాట చెప్పమ్మా. వచ్చే నెల సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అవుతోంది. నీ పనితనం నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు.

కాలరమ్మ సరేనని తలూపి వచ్చేసింది. మిషను ముందు కూర్చున్నాక మాత్రం కుట్టు వంకర పోయింది. హాలుకు ఉన్నవే రెండు తలుపులు. ముందు తలుపు ఇస్త్రీబల్లల పక్కనే ఉంటుంది. వేసవిలో అక్కడే వైరు కాలి హాలంతా పొగ కమ్మితే అందరూ వెనక తలుపులోంచే మెట్లు దిగి బతికిపోయారు. ఆ పొగలో దారి తెలియక కాలరమ్మ గోడ తడుముకుంటుంటే, గుండీలక్క ఆమె జడ దొరకబుచ్చుకుని బయటికి ఈడ్చుకొచ్చింది.

తన మనసుకు తోచింది చెప్పే ముందు నలుగురినీ అడుగుదామనుకుంది. నిన్ను ఎన్నుకున్నది అందుకేగా, నీ ఇష్టం అన్నాడు జేబులబాబు. ఇస్త్రీ అతను తాళం వద్దనే అన్నాడు, కాకపోతే తన పేరు బయటికి రాకూడదట. గుండీలక్కకు భయం ఉంది, ఆ భయం మేనేజర్‌కు తెలుస్తుందేమోనని ఇంకా పెద్ద భయం. మంగళవారం భోజనాలప్పుడు మాట్లాడుకుందాం రమ్మంటే ఇద్దరొచ్చారు, అదీ ఫ్యాను గాలికోసం. కాలరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. వీళ్ళకోసమా నా కుర్చీ పోగొట్టుకోవడం అనుకుంది.

ఆ సాయంత్రం అమ్మను అడిగింది, మీటింగు అంటే మీవాళ్ళందరూ ఎలా వచ్చేవాళ్ళని.

"రాకపోతే తమ నెత్తిన ఏం పడుతుందోనని వచ్చేవాళ్ళు. ఆశయాలూ అవీ తర్వాత" అంది అమ్మ.

బుధవారం పని దిగే వేళ కాలరమ్మ మెట్ల దగ్గర నిలబడి, తాను పదవి వదులుకుంటున్నానని అందరికీ వినబడేలా చెప్పింది. రేపు భోజనాల గదిలో మళ్ళీ ఎన్నిక, పద్ధతి మాత్రం పాతదే, శుక్రవారం తాళం సంగతి చెప్పాల్సింది ఆ ఎన్నికైనవాళ్ళే అంది.

గురువారం ఫ్యాక్టరీ చరిత్రలో లేని వింత జరిగింది. సెలవు పెట్టినవాళ్ళు సెలవు రద్దు చేసుకుని వచ్చారు. ఇస్త్రీ అతను జ్వరంతో దుప్పటి కప్పుకుని వచ్చాడు. భోజనాల గదిలో కూర్చోవడానికి చోటు లేక కొందరు కిటికీ గట్టెక్కారు. రానివాళ్ళెవరా అని జేబులబాబు అన్ని మొహాలూ వెతికాడు. ఒక్కరూ దొరకలేదు.

"అందరూ ఉన్నాం కాబట్టి మొదట వెనక తలుపు సంగతి తేల్చుకుందాం" అంది కాలరమ్మ. "తాళం వేయడం సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. సమ్మతం కానివాళ్ళు ఎత్తమంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కాసేపటికి వెనకనుంచి గుండీలక్క చెయ్యి లేచింది. దుప్పట్లోంచి ఇస్త్రీ అతని చెయ్యి బయటికొచ్చింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. చివరికి జేబులబాబు ఒక్కడే మిగిలాడు.

"ఇది రాజకీయం కాదు కదా?" అన్నాడు.

"ఏమోరా, నాకు తెలీదు. ఇది మాత్రం నువ్వు రోజూ మెట్లు దిగే తలుపు" అంది కాలరమ్మ.

వాడు చెయ్యెత్తాడు.

మరి ఈ మాట రేపు చెప్పేదెవరు? పద్ధతి ప్రకారం రానివాళ్ళు చెప్పాలి, వచ్చినవాళ్ళే అందరూ. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా తమ డబ్బాల మూతలమీద శ్రద్ధ పుట్టింది. కాలరమ్మ పదవి వదిలేసింది, కావాలంటే ఇక్కడితో చేతులు దులుపుకోవచ్చు. రేపు ఆ మాట చెప్పినవాళ్ళకు సూపర్‌వైజర్ కుర్చీ రాదన్నది ఒకళ్ళు చెప్పక్కర్లేదు. అమ్మ చేతులు గుర్తొచ్చాయి, అంట్ల సోడాకు ఒరిసిపోయిన ఆ వేళ్ళు. ఏడుపొచ్చినంత పనైంది. తలెత్తి చూస్తే గుండీలక్క ఇంకా చెయ్యి దించలేదు.

"నన్నే పెట్టండి. ఈసారి నేను ఉన్నాను" అంది.

శుక్రవారం వచ్చినవాళ్ళకు, సమ్మతం కాదు, ఎవరికీ కాదు అని చెప్పింది. మేనేజర్ ఆమెవైపు చూడను కూడా చూడలేదు. వెనక తలుపుకు తాళం పడలేదు. కుర్చీ సంగతి ఆ సాయంత్రానికే తేలిపోయింది, పక్క లైనులో ఇంకెవరికో ఇస్తున్నారట.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. ఇంకొన్నాళ్ళు నువ్వు అంట్లు తోమక తప్పదమ్మా అంది. అమ్మ కుర్చీ ఊసే ఎత్తలేదు.

"ఎన్ని చేతులు లేచాయే?" అని అడిగింది.

"అన్నీ."



"మా మిల్లులో సగం కూడా లేవలేదు" అంది అమ్మ.