చేతికంటిన ఎరుపు

"మిక్సీ తిప్పడమేగా" అన్నాడు భర్త, తాగేసిన కాఫీ కప్పును ఆమె చేతుల మీదుగా సింకులోకి జారవిడుస్తూ. ఆ చేతులు అప్పుడు బీట్‌రూట్ దుంపలకు పట్టిన మట్టిని బ్రష్షుతో తోముతున్నాయి.

మిక్సీ దాకా రావడానికి ముందు ఏమేముంటాయో అతనికి చెప్పాలని ఆమెకు ఒకప్పుడు ఉండేది. తొడిమ అంగుళం మేర మిగల్చకపోతే రంగంతా నీళ్లపాలవుతుంది. తొక్కతోనే ఆవిరికి పెట్టాలి. వేడి తగ్గకముందే బొటనవేలితో ఒలిచెయ్యాలి. చల్లారనిస్తే కత్తి పట్టాలి, కత్తి పడితే కండంతా తొక్కతో పోతుంది. ఆపైన ఉడికిన బంగాళాదుంప కలిపి, అప్పుడు కదా మిక్సీ! అది ఆగాక గుజ్జును జల్లెడలో గరిటెతో రుద్ది, పీచు తీసి, ఐసు ట్రే గడుల్లో నింపాలి. ఇంతా చేస్తే ఎనిమిది నెలల పాప మూడు చెంచాలు మింగి, నాలుగోది గోడకు కొడుతుంది. గోడ తుడవడం కూడా మిక్సీ తిప్పడంలోకే వస్తుంది కాబోలు.

ఒలవడం పూర్తయ్యాక అతను మళ్లీ వచ్చి, "ఆ చేతులేంటి, ఎవర్నో పొడిచొచ్చినట్టు" అని నవ్వాడు. తెల్ల తువ్వాలు మీద గులాబి మరక కనిపించినప్పుడు మాత్రం నవ్వలేదు. "కాస్త చూసుకోవాలి కదా."

సోమవారం ఆమె మళ్లీ ఉద్యోగంలో చేరాలి. నగరానికి వచ్చే నీటిని పరీక్షించే ప్రయోగశాలలో ఆమె పని. ఇంటినుంచే పనిచేసే భర్త పగలు పాపను చూసుకుంటాడన్నది, పాప పుట్టకముందు ఇద్దరూ కూర్చుని అనుకున్న మాట. గడువు దగ్గరపడేకొద్దీ ఆ మాట నీరుగారిపోతోంది. "ఇంకో ఆర్నెల్లు ఆగితే కొంపలేం మునిగిపోవుగా" అని అతను, "నీళ్లు పరీక్షించేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరా అమ్మాయ్? పిల్లకు తల్లివి నువ్వొక్కదానివేగా" అని ఫోనులో అత్తగారు.

మర్నాడు, చేరబోయే ముందు పైఅధికారిణిని ఒకసారి కలవడానికి ఆమె బయల్దేరింది. పాపను అతని దగ్గర ఒంటరిగా వదలడం అదే మొదటిసారి. అధికారిణి ఎదుట కుర్చీలో ఇంకా కూర్చోలేదు, ఫోను మోగింది.

"డైపరు నిండా రక్తం. క్లినిక్‌కు తీసుకెళ్తున్నా. నీకు ఉద్యోగం కావాలిగా, చేసుకో."

ఎలా మెట్లు దిగిందో, ఎలా టాక్సీ ఎక్కిందో తెలియదు. అతనికి ఫోను చేయబోయి తన చేతులను చూసుకుంది. గోళ్ల మొదళ్లలో నిన్నటి ఎరుపు. పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఫోను చేస్తే అతను ఎత్తలేదు. వాళ్లమ్మతో మాట్లాడుతూ ఉండుంటాడు.

ఆమె క్లినిక్‌లో అడుగుపెట్టేసరికి డాక్టరు డైపరును పరీక్షగా చూస్తూ, "నిన్న పాపకు ఏం పెట్టారు?" అని అడుగుతోంది.

అతను గుమ్మంలో ఉన్న భార్య వైపు చూశాడు. "ఏదో గుజ్జండీ. తనే పెడుతుంది."

"బీట్‌రూట్" అంది ఆమె.

డాక్టరు హాయిగా నవ్వేసింది. "అదీ సంగతి. కొందరు పిల్లలకు అలాగే వస్తుంది, భయమేం లేదు." తర్వాత ఆమె వైపు తిరిగి, మందలింపుగా, "మీరు ఆయనకో మాట చెప్పి వెళ్లాల్సిందమ్మా. మగవాళ్లు, పాపం, హడలిపోతారు" అంది.

చెప్పాల్సింది. నిన్నటినుంచి ఆ ఇంట్లో బీట్‌రూట్ అంటనిదేముంది? సింకు, తువ్వాలు, పాప మెడకు కట్టిన గుడ్డ, గోడ, ఆమె పది వేళ్లు. వాటి మీద అతను పరాచికాలాడాడు, విసుక్కున్నాడు. ఆ ఎరుపు చివరికి చేరేది పాప నోటికేనన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. చూడనివాడు జాలికి పాత్రుడయ్యాడు. చెప్పనందుకు దోషం ఆమెది. పైగా ఆ తీర్పు చెప్పింది సాటి ఆడది.

ఇంటికి రాగానే అతను తల్లికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. "తల్లి పక్కన లేకపోతే ఇలాగే ఉంటుంది నాయనా. ఆ సోమవారం సంగతి మానుకోమను" అందావిడ.

"విన్నావుగా" అన్నాడతను. "నా పై ప్రాణాలు పైనే పోయాయి తెలుసా?"

ఆమె పాపను చంకనేసుకుంది. బుట్టలో మిగిలిన మూడు దుంపలూ, బ్రష్షూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"డాక్టరుగారు చెప్పాల్సిందన్నారుగా, చెబుతున్నా. అత్తయ్యా, మీరూ వినండి. సోమవారం నేను పనికెళ్తున్నా. పాపకు మీ అబ్బాయే వండుతారు. ముందు మట్టి పోయేలా తోమాలి. తొడిమ అంగుళం ఉంచాలి."

అతను ఒక దుంపను కొనవేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "ఇది చేతులకు అంటుకుంటుంది కదా."

"అంటుకోనివ్వండి" అంది ఆమె, పాపతో కుర్చీలో కూర్చుంటూ. "పాప ఏం తిందని మళ్లీ ఎవరైనా అడిగితే, నా వైపు చూడకుండా చెప్పొచ్చు."