కుదుళ్ళలో తెలుపు

మా ఆవిడ పిల్లుల్ని పెంచుతుందంటే ఎవరైనా ఏమనుకుంటారు? పొద్దున కాసిని పాలు పోస్తుంది, సాయంత్రం వీపు నిమురుతుంది అనుకుంటారు. అంతే అయితే నేను సుఖపడేవాణ్ణి. ఆమె పెంచింది పిల్లుల్ని కాదు, ఒక రంగుని. పొడుగు బొచ్చు పర్షియన్ పిల్లుల్లో వెండి మీద నల్లచారలు ఉండే రకం ఒకటుంది. ఆ వెండి తరం తర్వాత తరం చేజారిపోకుండా పట్టుకురావడానికి ఆమె తన నడివయసంతా ధారపోసింది. అందులో నా నడివయసు కూడా కలిసిపోయింది గాని దాని ఊసు ఎవరూ ఎత్తరు.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. గ్రీజు చేతులతో ఇంటికొస్తే గుమ్మంలోనే కేక వినపడేది, పిల్లిని ముట్టుకోవద్దని. పిల్లుల పోటీలున్నప్పుడు సెలవు పెట్టి బుట్టలు మోసింది నేనే. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు అని లోకం ఎగతాళి చేస్తుంది కదా, మేము నిజంగానే వెళ్ళాం. మా మరదలి పెళ్ళికి, పోటీ జరిగిన హాల్లోంచి తిన్నగా. పెళ్ళికొడుకు ముహూర్తం దాటేదాకా తుమ్ముతూనే ఉన్నాడు. మరదలు ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతుంది.

వెండి అంటే బూడిద రంగు కాదు. ఈ సంగతి నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను, అన్నిసార్లు విన్నాను. పిల్లి బొచ్చు మీద నోటితో ఊదాలి. బొచ్చు విడిపోయిన చోట కుదుళ్ళు తెల్లగా ఉంటే అది వెండి. నలుపు కొసల్లోనే ఉండాలి. కుదుళ్ళలో తెలుపు లేకపోతే పైన ఎంత మెరిసినా లాభం లేదు. పైగా ఈ రంగు తరం దాటి వచ్చేది కాదు. తల్లికో తండ్రికో ఉంటేనే పిల్లకు వస్తుంది. ఒకసారి తప్పిపోయిందంటే ఆ వంశంలో ఇక తనంతట తాను పుట్టదు.

మా ఇంట్లో అది తప్పిపోయింది. ఆఖరి వెండి పిల్లి ముసలిదై పోయేనాటికి దాని కడుపున మిగిలింది ఒక్కతే కూతురు. అది గోధుమరంగు మీద నల్లచారలతో పుట్టింది. మా ఆవిడ దాన్ని అమ్మడూ అని పిలిచేది. దాన్ని దువ్వుతూ దువ్వుతూ మధ్యలో ఆగిపోయేది. ఇంకో వెండి పిల్లిని ఎక్కడైనా కొనుక్కోవచ్చుగా అన్నాను ఒకసారి.

"పక్కింటి పిల్లాణ్ణి తెచ్చుకుని మనవాడే అనుకోమన్నట్టుంది మీ మాట" అంది.

అప్పుడే ఆమె కళ్ళకు నీటికాసులు బయటపడింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి లోపలికి తినేసుకుంటూ వచ్చే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందుతో ఉన్నదాన్ని కొంతకాలం నిలుపుకోవచ్చు, అదీ చెప్పలేం అన్నాడు కంటి డాక్టరు. మరొకరైతే ఇంకేదైనా అడిగేవారు. ఈమె "రంగులు ఎన్నాళ్ళదాకా తెలుస్తాయి?" అని అడిగింది. ఆయన ఈ ప్రశ్న ఎవరి నోటా విన్నట్టు లేదు, నా వైపు చూశాడు.

బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుంది.

"పూర్తిగా పోయేలోగా ఒక్క వెండి పిల్లని చూడాలండీ. మన ఇంట్లో పుట్టింది. అది చూశానంటే చాలు."

"తల్లి గోధుమరంగుది. వెండి ఎక్కణ్ణుంచి వస్తుంది? నువ్వే కదా తరం దాటదని నా బుర్ర తిన్నావు?"

"తండ్రికి ఉంటే వస్తుంది."

ఏమీ తెలియనివాళ్ళయితే ఆశ వదులుకుని కూర్చునేవాళ్ళు. ఆమెకు అంతా తెలుసు కాబట్టే సందు వెతుక్కుంది. లేత మీగడ రంగు పిల్లుల్లో వెండి ఉన్నా పైకి కనపడదట, రెండూ లేతవే కాబట్టి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయట. అలాంటి మీగడ రంగు మగపిల్లి ఒకటి కాదమ్మ ఇంట్లో ఉంది.

కాదమ్మ అసలు పేరు వేరే. పోటీల్లో రంగులు తేల్చే జడ్జి ఆవిడ. ఎవరేం చెప్పినా మొదటి మాట "కాదు" అంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. మా ఆవిడా ఆవిడా వదినా వదినా అని పిలుచుకుంటూనే పోట్లాడుకునేవారు. మా పిల్లుల్లో ఒక్కదాన్నీ ఆవిడ మారు మాట్లాడకుండా వెండి అని ఒప్పుకోలేదు. కిటికీ దగ్గరికి, దీపం దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి మోయించేది. నేను రెండోసారి కాఫీ పెట్టేసరికి గాని తీర్పు వచ్చేది కాదు. ఇక తన మగపిల్లి సంగతి ఎత్తితే ఊరుకుంటుందా?

"నా వాడిది స్వచ్ఛమైన మీగడ. అడుగున వెండీ లేదు, గిండీ లేదు. పిల్లలు కావాలంటే తీసుకెళ్ళు గాని నా వాడి వంశానికి మచ్చ పెట్టకు" అంది. అయినా పిల్లిని పంపింది. మా ఆవిడ కళ్ళ సంగతి అప్పటికే విన్నది కాబోలు.

అమ్మడికి కడుపు నిలిచింది. నిలిచిన కొన్నాళ్ళకే గట్టి జ్వరం తగిలింది. మా ఆవిడ దాన్ని ఒళ్ళో వేసుకుని, చుక్క చుక్కగా నీళ్ళు పట్టించి, ఎలాగో గట్టెక్కించింది. ఈనడం కష్టమైంది. గర్భసంచి చెడిపోయిందని పశువుల డాక్టరు తీసేశాడు. అంటే అదే ఆఖరి కాన్పు. పుట్టినవి రెండూ మగపిల్లలు. పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకున్నాం.

రెండూ వెండి రంగులో పుట్టాయి.

ఆమె పిల్లను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. అప్పటికి ఆమెకు మిగిలింది గొట్టంలోంచి చూసినంత చూపు. ఆ కాస్తలోనే తల నుంచి తోక దాకా కొంచెం కొంచెంగా జరుపుకుంటూ చూసి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. పిల్లుల కోసం ఏడుస్తానని ఎన్నడూ అనుకోలేదు.

కాని ఆమె తనను తాను మోసం చేసుకునే రకం కాదు. కళ్ళు తుడుచుకోగానే అసలు మాట చెప్పింది. కడుపుతో ఉన్న పిల్లికి గట్టి జ్వరం వస్తే పిల్లల బొచ్చుకు రంగు సరిగ్గా పట్టదు. అచ్చం వెండిలాగే పుడతాయి. పెరుగుతుంటే అసలు రంగు కుదుళ్ళలోంచి మెల్లగా పైకి వస్తుంది.

"ఇది జ్వరం రంగో, తండ్రిచ్చిన రంగో ఇప్పుడే చెప్పలేం. కొత్త బొచ్చు రావాలి. అప్పటికి నాకు కనపడకపోతే మీరే ఊది చూసి చెప్పాలి."

"చెబుతాలే."

"ఉన్నదున్నట్టు చెప్పాలి."

"నేనేం కాదమ్మనా, కిటికీకీ దీపానికీ తిప్పడానికి?" అన్నాను. నవ్వింది.

ఆ తర్వాత నేను రోజూ రెండు వైపులా చూస్తూ బతికాను. ఒక వైపు ఆమె కళ్ళు, ఒక వైపు పిల్లల బొచ్చు. అన్నం గిన్నె కోసం చెయ్యి చాపితే ఎంత పక్కకు పోతోంది, పిల్లల చెవుల వెనక రంగు ఎంత మారుతోంది. చెవుల వెనక గోధుమ ఛాయ నాకు ముందే కనపడింది. కనపడిన రోజు నుంచి ఆమె చూపు త్వరగా పోతే బాగుండు అని కోరుకున్నాను. కట్టుకున్న భార్య కళ్ళు పోవాలని కోరుకున్న మొగుణ్ణి నేను. చుక్కల మందు వేసే చెయ్యీ నాదే. మందు మానలేదు, ఒక్క పూట కూడా. కాని వేస్తున్నంతసేపూ లోపల ఆ కోరిక ఉంది.

కోరుకున్నట్టే ఆమెకు రంగులు తెలియకుండా పోయాయి. ఒకరోజు ఉదయం పెద్దోణ్ణి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

"కొత్త బొచ్చు వచ్చింది, చేతికి తెలుస్తోంది. ఊదండి."

ఊదాను. పక్కటెముకల మీద బొచ్చు విడిపోయింది. కొసల్లో ఇంకా వెండి ఉంది. కుదుళ్ళు మాత్రం చిక్కటి గోధుమరంగు. తెలుపన్నది మచ్చుకైనా లేదు. వీపు మీద ఊదాను, పొట్ట పక్కన ఊదాను, చిన్నోణ్ణి తీసుకుని ఊదాను. ఆమె నా మణికట్టు పట్టుకునే ఉంది.

లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు లోపల చీకట్లో ఇరుక్కున్నవాళ్ళకు మేం నిజం చెప్పం. తాడు పట్టేసింది, ఎంతసేపవుతుందో తెలియదు అంటే లోపలివాళ్ళు గుండె ఆగి చస్తారు. "అయిపోయిందమ్మా, వచ్చేస్తోంది, ఒక్క నిమిషం" అంటూనే ఉండాలి. నా నోటికి అదొక్కటే వచ్చు.

"తెలుపే" అన్నాను. "పాలలా ఉన్నాయి కుదుళ్ళు."

ఆమె నా మణికట్టు వదిలేసి ఆ చేత్తోనే నా మొహం తడిమింది. ఆ పూట ఎన్నాళ్ళకో పాట పాడుతూ పిల్లుల్ని దువ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు పంపు విప్పి నిలబడ్డాను.

అక్కణ్ణుంచి నా పని కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి పని అయింది. పిల్లలు రోజురోజుకీ గోధుమరంగుకు తిరుగుతున్నాయి, నేను రోజూ వెండి వర్ణిస్తున్నాను. మెడ దగ్గర ఎలా మెరుస్తోందో చెప్పేవాణ్ణి, చారలు ఎంత నల్లగా ఉన్నాయో చెప్పేవాణ్ణి. ఆమె వింటూ తల ఆడించేది. ఇలాగే గడిచిపోతుంది, ఎవరికి నష్టం అనుకున్నాను. ఒకనాడు ఆమె కాదమ్మకు ఫోను చేసింది.

"వదినా, నీ మగపిల్లి వంశంలో వెండి ఉంది. వచ్చి చూసుకో. పిల్లల్ని పిల్లుల సంఘం పుస్తకంలో వెండి అని రాయించాలి" అంది. ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ పోట్లాటలో గెలిచింది మరి.

ఆదివారం కాదమ్మ వస్తుంటే నేను మెట్లు దిగి వీధి మలుపు దాకా ఎదురెళ్ళాను. జరిగిందంతా చెప్పాను.

"అబద్ధం సంఘంలో రాయను" అంది కాదమ్మ.

"రాయొద్దమ్మా. కాగితాలు తర్వాత పంపుతానని చెప్పండి. వెండే అని ఒక్క మాట అనండి, చాలు. మీకు దండం పెడతాను."

ఆవిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నా వెనకే వచ్చింది.

మా ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, రెండు పిల్లల్నీ చెరో పక్క పెట్టుకుని కూర్చుని ఉంది. పెద్దోణ్ణి ఎత్తి అడుగుల చప్పుడు వచ్చిన వైపుకు చాపింది. కాస్త పక్కకు చాపింది. కాదమ్మ జరిగి వచ్చి అందుకుంది. వెలుగు నిండుగా ఉంది. ఊదనక్కర్లేదు, వీధిలో పోయే మనిషికైనా అది గోధుమరంగు పిల్లే. కాదమ్మ ఒకసారి పిల్లను చూసింది, ఒకసారి మా ఆవిడ కళ్ళను చూసింది.

"వెండే వదినా" అంది. "నువ్వన్నదే నిజం. నా వాడిలో వెండి ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ పెడతానంటూ లేచాను.

మా ఆవిడ కదల్లేదు. నవ్వు మొహం మీద అలాగే ఉండి, మెల్లగా పోయింది.

"కిటికీ దగ్గరికి తీసుకెళ్ళలేదేం?" అంది.

కాదమ్మ నా వైపు చూసింది.

"దీపం వెయ్యమనలేదేం? ఇన్నేళ్ళలో నా పిల్లని చూడగానే ఎప్పుడు ఒప్పుకున్నావు వదినా? నీ వాడికి మచ్చ వస్తుంటే కూడా కాదని ఒక్క మాట అనలేదు. నేనంత జాలిపడాల్సిన మనిషినైపోయానా?"

"అది కాదు వదినా..."

"ఏ రంగు?"

నేను ఏదో చెప్పబోతే మా ఆవిడ నా వైపు చెయ్యెత్తి ఆపింది. "మిమ్మల్ని కాదు" అంది.

చివరికి కాదమ్మే చెప్పింది. అసలు జడ్జి ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. కుదుళ్ళు గోధుమరంగు, మధ్యలో ముదురు, తోక కొసన మాత్రం కాస్త పాత వెండి మిగిలింది, అదీ ఇంకో నెలలో పోతుంది. జ్వరం రంగే. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. మా ఆవిడ ఏడవలేదు. శ్రద్ధగా విని, పిల్లను తిరిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కుదుళ్ళలోకి వేలు పెట్టి అక్కడే ఉంచింది.

కాదమ్మ వెళ్ళాక నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నీ కోసమే చెప్పానన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిట్లు అలవాటే. ఆ రోజు నుంచి పిల్లుల రంగు గాని, చీర రంగు గాని, ఆకాశం మబ్బు పట్టిందా అని గాని నన్ను అడగడం మానేసింది.

మొన్న కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆసుపత్రి గుమ్మం దగ్గర "మెట్టుంది, చూసుకో" అన్నాను. ఆమె ఆగింది. నా చెయ్యి వదిలేసి, చెప్పు కొసతో ముందున్న నేలంతా తడుముకుంది. మెట్టు నిజంగానే ఉందని తేల్చుకున్నాక కాలు పైకి పెట్టింది.