పదిహేడో పగడం

దస్తగిరమ్మ ఫొటో మీద ముప్పయ్యో చుక్క పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఫొటోకు యాభై చుక్కలు. ఒక్కో చుక్క కింద ఉన్నది బతికిన పగడమా, తెల్లబడినదా, చచ్చినదా, వట్టి ఇసుకా అన్నది చెప్పాలి. ధర్మవరంలో చీరల దుకాణం పైనున్న మేడగదిలో కూర్చుని, లక్షద్వీపాల సముద్రం అడుగున ఎవరు బతికారో ఎవరు పోయారో తేల్చే పెద్దమనిషి ఆమే. సముద్రాన్ని ఇంతవరకు చూడలేదు. చూడలేదన్న దిగులూ లేదు.

ముప్పై ఏళ్లు పట్టునూలుకు రంగులద్దిన చేతులవి. గోళ్ల మొదళ్లలో నీలం ఇంకా పోలేదు. అద్దకం పని తగ్గిపోయాక, రంగు తేడాలు పట్టే మనిషి కావాలని పరిశోధన సంస్థవాళ్లు అడిగితే ఎవరో ఆమె పేరు చెప్పారు. పగడం రాయి కాదని, ప్రాణి అని, దాని ఒంట్లోని సన్నటి నాచే దానికి రంగూ కూడూ అని సూపర్‌వైజరు కిషోర్ మొదటిరోజే వివరించాడు. నీళ్లు వేడెక్కితే నాచు వదిలిపోతుంది, పగడం తెల్లబడుతుంది, చల్లబడితే ఒక్కోసారి కోలుకుంటుంది. వేడి మితిమీరితే రంగు దిగిపోతుందని దస్తగిరమ్మకు ఒకరు చెప్పాలా!

నాలుగేళ్లుగా నెలనెలా అవే చోట్ల ఫొటోలు వస్తున్నాయి. పదిహేడో చోట గుమ్మడికాయంత పగడం, తేనెరంగుది, ఆమెకు ఎందుకో ప్రాణం. పోయిన నెల అది పాలిపోయి కనిపించినప్పుడు ఆమెకు అన్నం సహించలేదు.

మధ్యాహ్నం మళ్లీ పదిహేడోది తెర మీదికి వచ్చింది. తెల్లగా ఉంది. ఆమె చుక్క పెట్టకముందే, మొదటి అంచనా వేసే కంప్యూటర్ తనంతట తానే ‘చనిపోయింది’ అని రాసేసింది. అదే ఖాయమైతే జాబితాలోంచి ఆ చోటు కొట్టేస్తారు, ఇక దాని వంక చూసేవాళ్లుండరు. దస్తగిరమ్మకు మాత్రం అంచుల్లో లేత పసుపు కనబడుతోంది. కిషోర్‌ను పిలిచింది. అతను వంగి చూశాడు. అతనికి అంతా తెలుపే.

“నీ కండ్లల్లో శుక్లాలు ఉండాయని నువ్వే చెప్తివి కదమ్మా. అవి ఉంటే అన్నీ పసుపచ్చగానే కనపడతాయంట,” అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట కాదనడానికి లేదు. అద్దకంలో రంగును ఒంటరిగా చూసి ఎవరూ మాట చెప్పరు. రంగు వేయని నూలు పక్కన పెట్టి చూస్తారు. ఫొటోలో పగడం చుట్టూ కొలత కోసం ఉంచిన తెల్ల పైపు చట్రం ఉంది. పైపూ పగడమూ ఆనుకున్న చోటును పెద్దది చేసింది.

“నా కన్నే పసుపైతే పైపు గూడా పసుపు కావాల కదప్పా. రెండిట్లో తేడా ఉండాదా ల్యాదా, నువ్వే చూసి చెప్పు.”

కిషోర్ గదిలో లైటు ఆర్పి మళ్లీ చూశాడు. పైపు సున్నంలా ఉంది. పగడం అంచు కాస్త పసుపు కలిసిన గంజిరంగులో ఉంది. అతను ‘చనిపోయింది’ చెరిపి, ‘తెల్లబడింది, ప్రాణం ఉంది’ అని రాశాడు. దస్తగిరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. కొంగు అడ్డం పెట్టుకుని మిగిలిన చుక్కలు పూర్తిచేసింది.

సాయంత్రం సంచి తీసుకుని, రేపటి నుంచి రానని చెప్పింది. చట్రం పడని ఫొటో వస్తే తన కన్నును తానే నమ్మలేనంది. ఆపరేషను చేయించుకుని రమ్మన్నాడు కిషోర్. అప్పటికి ఆ కుర్చీలో ఇంకొకరుంటారని ఇద్దరికీ తెలుసు. ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగిపోయింది.

కంప్యూటర్ ఆపుతూ కిషోర్ కీబోర్డు జరిపితే కింద కంటి ఆసుపత్రి చీటీ కనిపించింది. ఆపరేషనుకు ఇచ్చిన తేదీ దాటి ఇరవై రోజులైంది. ఆ తేదీ పక్కన పెన్సిలుతో, వంకర అక్షరాల్లో, ‘పదిహేడోది చూసినాక’ అని రాసి ఉంది.