రెండు ఖర్చులూ సమానమైతే

పదిహేడో పేజీ దగ్గర ఆవిడ పెన్సిలు మళ్లీ ఆగింది. మెడ పట్టేసింది. టీ చల్లారి తెట్టు కట్టింది.

తొమ్మిదేళ్లుగా ఈ గదిలో ఆవిడ పని ఒక్కటే. సరుకు వందల ఊళ్లకు చేరాలి. ఒక దారి నుంచి అంతకంటే చవకైన దారికి మారుతూ పోతే కంప్యూటరు త్వరగా అన్నిటికంటే చవకైన దాని దగ్గర ఆగుతుందని నిరూపించాలి. "ఇంకా అదేనా?" అని అడిగే చుట్టాలకు "అదే" అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేసింది.

ప్రతి మార్పుతోనూ ఖర్చు తగ్గుతుందని రాసింది. తగ్గకుండా సమానంగా ఉండిపోతే? పరీక్షించిన లెక్కలన్నీ కంప్యూటరు తోచినట్టు ఎంచిన అంకెలు. వాటిలో రెండు ఖర్చులు సరిసమానంగా పడనే లేదు. నిజం దారుల్లో అది రోజూ జరిగేదే. ఇంత పెద్ద బొక్క ఇన్నాళ్లూ కంటికి ఆననే లేదు.

ఈ వ్యాసం సదస్సుకు పంపడానికి సాయంత్రం ఐదింటి వరకే గడువు. మంచం పట్టిన గురువుగారు ఈ నిరూపణ పూర్తయిందన్న మాట కోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నారు.

మధ్యాహ్నం ఆవిడ గురువుగారింటికి వెళ్తే ఆయన భార్య తలుపు తీసింది. "రామ్మా. పొద్దున్నుంచీ నీ గురించే అడుగుతున్నారు."

దారి పొడవునా "పంపేశాను" అనే అబద్ధాన్ని ఆవిడ నోట్లో నానబెట్టుకుంటూనే వచ్చింది.

"పంపేశావా?" అన్నారాయన.

"లేదు మాష్టారూ. ఖర్చులు సమానమైతే కంప్యూటరు ఆగదు. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది."

"ఎవరు పట్టుకున్నారు?"

"నేనే."

ఆయన దిండు పక్కన పెన్సిలు కోసం తడుముకున్నారు. "పోనీలే. నన్ను కాస్త ఆలోచించుకోనీ."

మెట్లు దిగుతుంటే ఆవిడకు ఏడుపొచ్చింది. తప్పు దొరికినందుకు కాదు, ఆ 'పోనీలే' విన్నందుకు.

గదికి తిరిగొచ్చి కూర్చుంది. ఐదు దాటింది. పంపలేదు. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్న సంగతి కూడా తోచలేదు.

ఆరింటికి ఫోన్ మోగింది. "వెళ్లిపోయారమ్మా. నిద్రలోనే," అంది గురువుగారి భార్య.

ఆవిడ వెళ్లేసరికి ఎవరో మంచం మీది దుప్పటి మడత పెడుతున్నారు. దిండు పక్కన మందుల చీటీ బోర్లా పడి ఉంది. దాని వెనక మూడు ఊళ్లను కలిపే దారుల్లా వంకరటింకర త్రికోణం; రెండు భుజాల మీద ఏడు, ఏడు. మూడో భుజం మీద అంకె పడలేదు, పెన్సిలు గీత మాత్రం కాగితం అంచు దాకా జారిపోయింది.