ఎనిమిది మూతలు

కిటికీ వైపు సీటిస్తారో లేదో, ఇవ్వకపోయినా ఏం, పెట్టె ఉన్న లారీలో ఎక్కడ కూర్చున్నా రోడ్డు కనబడుతుంది, రెండు రోజుల ప్రయాణం, ఆ తర్వాత ఇసుక, కంచె, కంచె ఇవతల నిలబడి రాకెట్ లేస్తుంటే చూడడం, పదిహేడేళ్లలో ఈ ఫ్యాక్టరీ నుంచి ఆమె పంపిన రాకెట్ ఇంజన్ల పెట్టెలు నలభై ఒకటి, ఒక్కటైనా పైకి లేవడం చూసిన పాపాన పోలేదు, చూసేదంతా కోటు వేసుకున్నవాళ్లు, మర బిగించినవాడూ పెట్టె కట్టినవాడూ మర్నాడు పేపర్లో పొగ బొమ్మ చూసుకోవాలి, ఈ రూలు ఎవడు రాశాడో వాడి చొక్కా పట్టుకుని అడగాలి, అయినా ఈసారి పెట్టె వెంట వెళ్లే మనిషిగా తన పేరే రాశారు, పొద్దున చెప్పులు వెతుక్కుంటూ కూతురు అడిగింది, అమ్మా, నిజంగా నిన్నే పంపుతున్నారా, మీ ఫ్యాక్టరీ పెద్దాయన మళ్లీ మనసు మార్చుకోడు కదా, శుభమా అని వెళ్తుంటే ఆ మాటలేంటే, పో స్కూలుకి.

పెట్టె లారీ ఎక్కింది, బెల్టులు బిగిస్తున్నారు, ఆమె కాగితాలు సర్దుకుంటూ యథాలాపంగా బల్ల మీది ట్రే వైపు చూసింది, తొమ్మిది గుంటల ట్రే, ఇంధనపు గొట్టాల నోళ్లలో దుమ్ము పడకుండా పెట్టే ఎర్ర మూతలు, గొట్టం కలిపే ముందు ఒక్కో మూతా తీసి ఒక్కో గుంటలో పెట్టాలి, డెలివరీ మేనేజర్‌గా తను ఒక్కోదాన్నీ వేలితో తాకి లెక్కపెట్టి సంతకం చెయ్యాలి, చేసింది, తొమ్మిది అని రాసింది, ఇదేంటి, చివరి గుంట ఖాళీగా ఉందేంటి, మళ్లీ లెక్కపెట్టింది, ఎనిమిదే, పని చేసినంతసేపూ గొణిగే ఫిట్టరు, సణుగుడు అంటారు అందరూ, పక్కకొచ్చి మొదటిసారి మెల్లగా మాట్లాడాడు, ఎక్కడో దొర్లిపోయుంటుందక్కా, ఊడ్చేశారేమో, నువ్వు బయల్దేరు, నేను వెతికి పెట్టేస్తాగా, పాపం, తన కోసమే అంటున్నాడు, దొర్లిపోయే ఉంటుంది, అవును, కాకపోతే, లోపలే ఉండిపోతే, అంత ఎత్తున ఇంధనం అందక, డ్రైవరు హారన్ కొట్టాడు, మేడమ్, ఎక్కుతారా, మిమ్మల్ని వదిలేసి పొమ్మంటారా, సీలు తెంచితే మూడు రోజుల పరీక్షలు మళ్లీ మొదటికి, తర్వాతి లారీకి పెద్దాయన అల్లుడు ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు, మళ్లీ తన వంతు ఎప్పుడు, ఈ జన్మకా, దించండి, అంది, ఎవరో అన్నట్టు వినబడింది, దించండ్రా పెట్టెని.

మూడో గొట్టంలో టార్చి వెలుగుకి ఎర్రగా కనబడింది, సణుగుడు నెత్తి మీద చేతులు పెట్టుకుని కింద కూర్చుండిపోయాడు, ఫోన్లో పెద్దాయన అరుస్తున్నాడు, బుద్ధుందా, చూసే కదా సంతకం పెట్టావ్, లేదు సార్, చూడలేదు, అనేసి పెట్టేసింది, నిజమే, చూడలేదు, నలభై ఒక్కసార్లు తాకిన వేలు ఇవాళ గాల్లో ఉంది, కళ్లు ఆ ఇసుకలో ఉన్నాయి, పదిహేడేళ్లు పస్తు పెట్టి ఒక్క ముద్ద చూపిస్తే ఏ మనిషికైనా కళ్లు కంచం మీదే ఉంటాయి, మొదటి పెట్టెతోనే ఒక్కసారి తీసుకెళ్లి చూపించి ఉంటే ఇవాళ హాయిగా తొమ్మిదీ లెక్కపెట్టేది, అయినా తప్పు తనదే, రిపోర్టు రాసిస్తుంది, సణుగుడి పేరుతో పాటు తన పేరూ రాస్తుంది, లారీ ఖాళీగా గేటు దాటుతుంటే ఆమె అటు చూడకూడదనుకుంటూనే చూసింది, దుమ్ము సర్దుకునేదాకా చూసింది, ఇంత జరిగాక సిగ్గేసి చచ్చిపోవాల్సిన ఆశ చావలేదు, ఆమెకు ఇంకా వెళ్లాలనే ఉంది.